ఒకే వైరు, రెండు చెవులు: రెండు లక్షల వాక్‌మన్ నాకు వినిపించింది ఏంటి?

ఈ ఎపిసోడ్ నిజానికి గ్యాడ్జెట్ రివ్యూగా మొదలైంది. నాలుగు రోజుల పాటు నా చేతిలో ఒక ఖరీదైన మ్యూజిక్ ప్లేయర్ ఉంది, దానితోపాటు మూడు రకాల హెడ్‌ఫోన్లు ఉన్నాయి. ఏది ఎట్లా వినిపించిందో చెప్పేసి ఊరుకుందాం అనుకున్నాను. మూడో రోజు రాత్రికి సంగతి వేరే దారి పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పాలంటే కొంచెం పాత చరిత్ర చెప్పాలి, మా ఇంటి సంగతి కూడా ఒకటి చెప్పాలి. రెండూ కలిపే చెప్తాను, ఓపిగ్గా వినండి.

ముందు ప్లేయర్. పేరు సోనీ ఎన్‌డబ్ల్యూ డబ్ల్యూఎం1జెడ్. 2016లో వచ్చిన వాక్‌మన్ ఇది. అవును, పేరు వాక్‌మనే, మన నాన్నల కాలం నాటి పేరే. ఇందులో సిమ్ లేదు, కెమెరా లేదు, వాట్సాప్ రాదు. పాటలు వినడం ఒక్కటే పని. దాని ఒళ్ళంతా రాగి, ఆ రాగి మీద బంగారు పూత. రాగికి విద్యుత్ నిరోధం తక్కువ కాబట్టి సౌండ్ బాగుంటుందని కంపెనీ చెప్పే కారణం. బరువు 455 గ్రాములు. అమెరికాలో విడుదలైనప్పుడు ధర 3,200 డాలర్లు, అంటే అప్పటి లెక్కలో రెండు లక్షల రూపాయల పైమాటే. నా స్నేహితుడి వాళ్ళ అన్న దాన్ని ఎక్కడో సెకండ్‌హ్యాండ్‌లో సంపాదించాడు. "నాలుగు రోజులు ఉంచుకో, కింద పడేస్తే మాత్రం మన దోస్తీ కట్" అని చేతిలో పెట్టాడు. ఇంటికి తెచ్చి మా అమ్మ చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసి, "ఏందిరా ఇది, తూకం రాయి లెక్కుంది" అంది.

ఇల్లు సంతోష్‌నగర్‌లో, ఐ.ఎస్. సదన్ చౌరస్తాకి నడిచి వెళ్ళే దూరంలో. ఈ ఏరియా తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, నిశ్శబ్దం అనేది ఇక్కడ రాత్రి ఒంటిగంట తర్వాత మొదలై తెల్లవారుజామున అజాన్‌తో అయిపోతుంది. మధ్యలో ఉన్న ఆ నాలుగు గంటలే నా స్టూడియో.

హెడ్‌ఫోన్లు మూడు అన్నాను కదా. ఒకటి చెవి లోపలికి దూర్చుకునేది, రెండు వేల లోపు దొరికే చైనా ఐఈఎం, నా సొంతం. రెండోది సోనీ ఎండీఆర్ 7506. 1991 నుంచి స్టూడియోల్లో, టీవీ ఛానళ్ళలో వాడుతున్నది. టెలిఫోన్ తీగలా చుట్టలు చుట్టలుగా ఉండే వైరు, చెవి కప్పు మీద నీలం గీత, మీరు ఏదో ఒక ఫొటోలో చూసే ఉంటారు. మూడోది సెన్‌హైజర్ హెచ్‌డీ 600. 1997లో వచ్చింది, ఇప్పటికీ అమ్ముతున్నారు. దీని కప్పులకి వెనకాల జాలీ ఉంటుంది, మూత ఉండదు. లోపలి పాట బయటికి వినిపిస్తుంది, బయటి గోల లోపలికి వస్తుంది. మా గల్లీలో దీన్ని పగలు పెట్టుకుంటే ఘంటసాలతోపాటు ఆటో హారన్లు కూడా హైఫైలో వినిపిస్తాయి.

మొదటి పాటగా మాయాబజార్‌లో పడవ పాట పెట్టాను. 1957 సినిమా. వెన్నెల్లో పడవ, ఘంటసాల, పి. లీల. ఎందుకు అదే పెట్టానంటే, మా ఇంట్లో ఏ కొత్త డబ్బా వచ్చినా ముందు అదే మోగుతుంది, ఆనవాయితీ. ఇంకో కారణం కూడా ఉంది. ఆ పాట మోనో.

మోనో అంటే తెలియనివాళ్ళ కోసం ఒక్క నిమిషం. ఇప్పటి పాటల్లో ఎడమ చెవికి ఒక శబ్దం, కుడి చెవికి ఇంకో శబ్దం వేరువేరుగా ఉంటాయి. దాన్నే స్టీరియో అంటాం. 1957లో మన సినిమా ఫిలిం అంచున శబ్దం కోసం ఒక్క సన్నటి గీత ఉండేది. ఎంతమంది పాడినా, ఎన్ని వాయిద్యాలు మోగినా, అన్నీ కలిసి ఆ ఒక్క గీతలోకే వెళ్ళాలి. అప్పట్లో పాడేవాళ్ళూ, వాయించేవాళ్ళూ ఒకేసారి కూర్చుని రికార్డింగ్ చేసేవారు. ఎవరు మైకుకి ఎంత దగ్గర, ఎవరు ఎంత దూరం అన్నదే మిక్సింగ్. అలాంటి పాటని హెడ్‌ఫోన్‌లో వింటే రెండు చెవులకీ అచ్చంగా ఒకే శబ్దం అందుతుంది. అప్పుడు గొంతు ఎడమకీ కాదు, కుడికీ కాదు, సరిగ్గా తల మధ్యలో నిలబడుతుంది. కళ్ళు మూసుకుంటే రెండు కనుబొమల వెనకాల ఎక్కడో ఉన్నట్టు అనిపిస్తుంది.

నాకు అక్కడ లేదు. కొంచెం ఎడమకి ఉంది.

ఎక్కువ కాదు, ఒక బెత్తెడు అనుకోండి. ఘంటసాల గొంతు కంటే లీల గొంతు ఇంకొంచెం ఎక్కువ జరిగినట్టుంది. ముఖ్యంగా 'స', 'శ' పలికిన చోట్ల ఆ చప్పుడు ఎడమ వైపే మెరిసింది. ఫైల్ బాగాలేదేమో అనుకున్నాను. అనుకోవడానికి కారణం లేకపోలేదు. ఈ సినిమాకి 2010లో రంగులు వేశారు, శబ్దాన్ని కూడా డీటీఎస్‌కి మార్చారు. ఆ పాత పాటకి నెట్‌లో పది రకాల వెర్షన్లు తిరుగుతున్నాయి, కొన్నింటిని ఎవరో సాగదీసి దొంగ స్టీరియో చేసి పెట్టారు. నా దగ్గర ఉన్నది అలాంటిదే అయ్యుంటుందని వదిలేశాను. రెండో రోజు ఎండీఆర్ 7506లో విన్నాను. మళ్ళీ ఎడమే. సరే, ఈ హెడ్‌సెట్ పాతది కదా అనుకున్నాను.

ఇక్కడ కాసేపు ఆపుతాను. శబ్దాన్ని రెండు చెవులకి విడివిడిగా పంపించాలన్న ఆలోచన ఎవరికి వచ్చింది? ఇది సినిమా కంటే పాత సంగతి. 1881లో పారిస్‌లో విద్యుత్ ప్రదర్శన జరిగింది. అక్కడ క్లెమాఁ అడేర్ అనే ఇంజనీరు ఒక పని చేశాడు. ఒపెరా హాలు స్టేజీ అంచున వరసగా మైకులు పెట్టి, టెలిఫోన్ తీగల మీద ఆ పాటని ప్రదర్శన దాకా లాగాడు. వచ్చినవాళ్ళు రెండు చెవులకి రెండు రిసీవర్లు ఆనించుకుని విన్నారు. ఎడమ రిసీవరుకి స్టేజీ ఎడమ వైపు మైకు, కుడిదానికి కుడి మైకు. గాయకుడు స్టేజీ మీద అటు నుంచి ఇటు నడిస్తే వింటున్నవాళ్ళకి గొంతు కూడా నడిచినట్టు అనిపించింది. అప్పటికి ఇంట్లో కరెంటు దీపం ఉన్నవాళ్ళే తక్కువ, గుర్తుపెట్టుకోండి.

ఆ తర్వాత చాలా ఏళ్ళు హెడ్‌ఫోన్ అంటే పాటల వస్తువు కాదు, పనిముట్టు. అమెరికాలో యూటాకి చెందిన నథానియల్ బాల్డ్విన్ 1910లో తన వంటింట్లో చేసిన హెడ్‌ఫోన్లని నేవీకి అమ్మాడు. ఓడల్లో వైర్‌లెస్ సందేశాలు వినడానికి. స్టీరియోకి పేటెంటు వేసింది 1931లో ఇంగ్లండ్‌లో అలన్ బ్లమ్లైన్. సినిమాలో మనిషి తెరకి ఒక పక్కన ఉంటే గొంతు ఇంకో పక్క నుంచి వస్తోందని ఆయనకి చిరాకు. 1958లో జాన్ కాస్ మొట్టమొదటి స్టీరియో హెడ్‌ఫోన్‌ని తెచ్చాడు. అది అప్పటికి వేరే వస్తువు పక్కన ప్రదర్శనకి పెట్టిన తోక లాంటిది. ఆయన అమ్ముదామనుకున్నది ఒక పోర్టబుల్ రికార్డ్ ప్లేయర్. జనం దాన్ని పట్టించుకోకుండా హెడ్‌ఫోన్ కావాలన్నారు.

సరే, అదంతా అక్కడ. మన దగ్గర? హైదరాబాద్‌లో దక్కన్ రేడియో 1935లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది, 1950లో ఆకాశవాణిలో కలిసింది. అప్పట్లో రేడియో ఉన్న ఇల్లు అంటే వీధికి ఒకటి. హోటల్లో పెడితే చాయ్ తాగేవాళ్ళందరికీ అదే. పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి దానికి. వినడం అంటే పదిమందితో కలిసి వినడమే, ఒంటరిగా వినడానికి దారే లేదు. 1963లో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్‌ని తెచ్చింది. 1973 తర్వాత గల్ఫ్‌లో చమురు డబ్బు పెరిగి పనులు దొరకడం మొదలయ్యాక పాతబస్తీ నుంచి సౌదీకి, దుబాయ్‌కి, కువైట్‌కి మనుషులు వెళ్ళారు. వాళ్ళు సెలవుకి వచ్చినప్పుడు సూట్‌కేసుతోపాటు వచ్చే వస్తువు టూ ఇన్ వన్. రేడియో, టేపురికార్డరు ఒకే పెట్టెలో. మా నాన్న చెప్పేవాడు, పక్కింటి భాయ్ రియాద్ నుంచి తెచ్చిన టూ ఇన్ వన్‌ని ఇంట్లోకి కాకుండా వీధి వైపు తిప్పి కిటికీలో పెట్టేవాడట. పొద్దున ఖవ్వాలీలు, సాయంత్రం మనవాళ్ళు అడిగితే తెలుగు పాటలు. తెచ్చిన మనిషి గొప్ప వీధికి తెలియాలి కదా. దానివల్ల లాభపడింది మాత్రం వీధంతా.

ఇప్పుడు 1979 జూలై 1. టోక్యోలో సోనీ మొదటి వాక్‌మన్‌ని అమ్మకానికి పెట్టింది. ధర 33,000 యెన్‌లు. అంతకుముందు హెడ్‌ఫోన్ అంటే మూడు నాలుగు వందల గ్రాముల బరువు. దీనితో వచ్చింది సుమారు 50 గ్రాములు. రికార్డింగ్ ఉండదు, స్పీకరు ఉండదు, ఇదేం టేపురికార్డరు అని నవ్వినవాళ్ళున్నారు. 30,000 తయారుచేస్తే జూలై నెలలో అమ్ముడుపోయింది 3,000 మాత్రమే. ఆగస్టు ఆఖరుకల్లా మొత్తం ఖాళీ.

నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చే ముక్క వేరే ఉంది. ఆ మొదటి వాక్‌మన్‌కి హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రాలు రెండు. ఎందుకంటే సోనీ పెద్దాయన అకియో మొరిటా తయారీలో ఉన్న ముక్కని ఇంటికి తీసుకెళ్ళి వింటుంటే, ఆయన భార్యకి చిన్నబోయినట్టయింది. పక్కనే ఉన్న మనిషిని బయటికి నెట్టేసినట్టు ఉంది కదా. ఒక్కడే కూర్చుని వినడం మర్యాద కాదని ఆయనకి అనిపించింది. అందుకని ఇద్దరికి రెండు జాక్‌లు. అంతేకాదు, పైన ఒక నారింజ రంగు బటన్ కూడా పెట్టారు. అది నొక్కితే పాట సౌండు తగ్గి, ఒక చిన్న మైకు ద్వారా ఇద్దరూ హెడ్‌ఫోన్లు తీయకుండానే మాట్లాడుకోవచ్చు. మొదట్లో వచ్చిన వాటి మీద ఆ రెండు జాక్‌ల పక్కన 'గైస్' అని ఒకటి, 'డాల్స్' అని ఒకటి రాసి ఉండేది. తర్వాత ఏ, బీ అని మార్చారు.

జనం మాత్రం ఎవరి వాక్‌మన్ వాళ్ళే కొనుక్కున్నారు. ఎవరిది వాళ్ళే విన్నారు. ఆ రెండో జాక్, ఆ బటన్ తర్వాతి మోడళ్ళలో మెల్లగా మాయమయ్యాయి. నా చేతిలో ఉన్న రెండు లక్షల వాక్‌మన్‌కి కూడా పైన రెండు రంధ్రాలున్నాయి. ఇద్దరి కోసం కాదు. ఒకటి మామూలు 3.5 మిల్లీమీటర్ల పిన్ను కోసం, ఇంకోటి 4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ పిన్ను కోసం. ఒకే మనిషికి ఇంకొంచెం మంచి సౌండు కోసం. అదే 2016లో ఐఫోన్ 7 అసలు ఆ రంధ్రమే లేకుండా వచ్చింది.

మా ఇంట్లో రెండో జాక్ ఎప్పుడూ లేదు, అయినా ఇద్దరం విన్నాం.

అప్పుడు మేము ఉన్నది ఒక గది, ఒక వంటిల్లు ఉన్న కిరాయి పోర్షన్. నాన్న కంచన్‌బాగ్ వైపు ఫస్ట్ షిఫ్ట్ డ్యూటీకి పోవాలి, తొమ్మిదిన్నరకే లైటు ఆర్పేవాడు. అక్క కోఠీ ఉమెన్స్ కాలేజీలో డిగ్రీ, నేను హైస్కూలు. అక్కకి నోకియా ఎక్స్‌ప్రెస్ మ్యూజిక్ ఫోన్ కొనిచ్చారు. ఆ ఫోనే మా ఇంట్లో మొదటి ప్రైవేట్ గది అనుకోండి. చౌరస్తా దగ్గర మొబైల్ షాపులో ఇరవై రూపాయలిస్తే మెమరీ కార్డు నిండా పాటలు ఎక్కించేవారు. ఏ పాటలు ఎక్కిస్తారో వాళ్ళిష్టం, అడిగినవి సగం, అడగనివి సగం. రాత్రి చీకట్లో అక్క గోడ వైపు, అంటే నా కుడి పక్కన. ఇద్దరి మధ్యా ఒక్క వైరు. నాకు దగ్గరగా ఉన్నది ఆమె ఎడమ చెవి, ఆమెకి దగ్గరగా ఉన్నది నా కుడి చెవి. కాబట్టి ఎడమ బడ్ ఆమెది, కుడి బడ్ నాది. ఎవరూ నిర్ణయించలేదు, పడుకునే తీరు వల్ల అట్లా కుదిరింది. ఏళ్ళ తరబడి అదే.

ఒకసారి పెద్ద గొడవైంది. ఒక పాటలో "ఆ వయొలిన్లు లేచే చోటు ఉంది చూడు" అంది అక్క. నాకు వయొలిన్లే లేవు. "ఏం వయొలిన్లు?" అన్నాను. "చెవులున్నాయా లేవా నీకు?" అంది. "ఉన్నాయి, తబలా వస్తోంది" అన్నాను. ఆమెకి తబలా లేదు. నాన్న లేచి ఇద్దరినీ తిట్టాక, గుసగుసగా బడ్‌లు మార్చుకుని చూస్తే అర్థమైంది. సంవత్సరం నుంచి ఆ పాటని ఆమె సగం వింది, నేను సగం విన్నాను. ఒకే పాట అనుకుంటూ రెండు పాటలు విన్నాం. ఘంటసాల పాటలకి మాత్రం ఆ బాధ లేదు. పాత మోనో పాటని ఒకే వైరు మీద ఇద్దరు పంచుకుంటే ఎవరికీ ఏమీ తగ్గదు. ఎడమలో ఉన్నదే కుడిలోనూ ఉంటుంది. స్టీరియో వచ్చి పాట పెద్దదైంది, నిజమే. పంచుకోవడానికి మాత్రం మోనోనే మంచిది. మా నాన్న తరం దాన్ని వీధంతా పంచుకుంది, మేము ఒక దిండు మీద పంచుకున్నాం.

ఇక మూడో రోజు రాత్రి. హెచ్‌డీ 600 పెట్టాను. దీని నిరోధం 300 ఓమ్‌లు, మామూలు ఫోన్ దీన్ని గట్టిగా మోగించలేదు. ఈ ప్లేయర్ మీద కూడా వాల్యూమ్ బాగా పైకి తీసుకెళ్ళాల్సి వచ్చింది. కానీ గొంతు వచ్చింది చూడండి! ఐఈఎంలో గొంతు చెవిలో ఉంటుంది, ఎండీఆర్‌లో అద్దం మీద గీసినంత పదునుగా ఉంటుంది, ఇందులో ఒక మనిషి ఎదురుగా కూర్చుని పాడినట్టుంది. ఊపిరి తీసుకోవడం తెలుస్తోంది. పాత ఫిలిం గీత మీది సన్నటి గరగర కూడా పాటలో భాగంలాగే ఉంది. ఒక్కటే తేడా. ఆ మనిషి మళ్ళీ ఎడమకే జరిగి కూర్చున్నాడు.

మూడు హెడ్‌ఫోన్లు, మూడూ ఒకే వైపు చెడిపోవు కదా. ముందు ఫైల్ చూశాను. కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక ఛానెల్‌ని తలకిందులు చేసి రెండోదానితో కలిపాను. రెండూ అచ్చంగా ఒకటైతే ఒకదాన్నొకటి కొట్టేసుకుని నిశ్శబ్దం మిగలాలి. నిశ్శబ్దమే మిగిలింది. ఫైల్ నిఖార్సైన మోనో. తర్వాత అదే పాట ఫోన్‌లో పెట్టాను, ఐఈఎంతో. ఎడమే. ప్లేయర్ తప్పు కాదు. చివరికి హెచ్‌డీ 600ని తిప్పి పెట్టుకున్నాను, ఎడమ కప్పు కుడి చెవికి, కుడి కప్పు ఎడమ చెవికి. హెడ్‌ఫోన్‌లో లోపం ఉంటే గొంతు ఇప్పుడు కుడికి రావాలి.

రాలేదు. ఎడమలోనే ఉంది.

రాత్రి రెండున్నర అయ్యుంటుంది. రెండు లక్షల ప్లేయర్, బంగారు పూత, అరలో మూడు హెడ్‌సెట్లు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. సరిగ్గా లేనిది నా కుడి చెవి.

మర్నాడు ప్లేయర్ తిరిగిచ్చే సంగతి పక్కన పెట్టి చెవి డాక్టర్ దగ్గరికి పోయాను. ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, బీప్ వినిపిస్తే బటన్ నొక్కమన్నారు. హెడ్‌ఫోన్లతో నేను చేసిన నాలుగు రోజుల రివ్యూలో నిజమైన రివ్యూ అదే. 250 హెర్ట్జ్ నుంచి 8,000 దాకా ఒక్కో చెవికి విడివిడిగా. వచ్చిన కాగితాన్ని ఆడియోగ్రామ్ అంటారు. ఎడమ చెవి గీత దాదాపు తిన్నగా ఉంది. కుడి చెవి గీత 3,000 దాకా బాగానే నడిచి 4,000 దగ్గర గుంతలో పడి, 8,000 దగ్గర మళ్ళీ కొంచెం లేచింది. గుంత లోతు 45 డెసిబెళ్ళు. గట్టి శబ్దం వల్ల దెబ్బతిన్న చెవిలో సాధారణంగా గుంత అక్కడే పడుతుంది. 'స', 'శ' లాంటి చప్పుళ్ళ బలం కూడా ఆ పై ఫ్రీక్వెన్సీల్లోనే ఎక్కువ. లీల గొంతులో ఆ మెరుపు ఎందుకు ఎడమకి పోయిందో అప్పుడు తెలిసింది. ఒక్క చెవిలోనే తేడా ఉంది కాబట్టి వేరే కారణం ఏదైనా ఉందేమో చూడాలని స్కాన్ రాశారు. అందులో ఏమీ లేదని తేలే దాకా నాకు పడిన భయం ఇక్కడ చెప్పను.

"ఒక్క చెవితో ఫోన్ ఎక్కువ వాడతారా?" అని అడిగారు. అప్పటిదాకా ఆలోచించలేదు. కుడి బడ్ నాది. అక్క పెళ్ళయి సంగారెడ్డి వెళ్ళిపోయాక కూడా ఆ అలవాటు పోలేదు. ఎడమ బడ్ మెడ మీద వేలాడుతుంది, కుడి చెవిలో పాట. కోఠీ బస్సులో అదే, కండక్టర్ పిలుపు వినపడాలి కదా. తర్వాత ఉద్యోగం మాదాపూర్‌లో, బండి మీద హెల్మెట్ కింద కుడి చెవిలో ఒక్క బడ్. (బండి మీద పెట్టుకోవడమే తప్పు, అది వేరే.) ఒక్క చెవితో వింటే అదే పాట రెండు చెవులతో విన్నప్పటి కంటే నెమ్మదిగా అనిపిస్తుంది. దాని పైన చాదర్‌ఘాట్ ట్రాఫిక్ మోత. దాన్ని దాటడానికి వాల్యూమ్ పైకి. ఇట్లా పదేళ్ళు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఒకటుంది. 80 డెసిబెళ్ళ దగ్గర వారానికి 40 గంటల దాకా పర్వాలేదు. 90కి తీసుకెళ్తే వారానికి 4 గంటలే. పది పెరిగితే సమయం పదో వంతు అయిపోతుంది. మన చెవి లోపలి నత్తగుల్లలో శబ్దాన్ని పట్టే సన్నటి కణాలు పదిహేను వేల వరకు ఉంటాయి. పోయినవి మళ్ళీ పుట్టవు. చర్మం లాంటిది కాదు అది.

ఇక్కడ మన హైదరాబాద్ ముక్క ఒకటి చెప్పకుండా ఉండలేను. వినికిడి సమస్యల కోసం మన దేశంలో ఉన్న జాతీయ సంస్థ ముంబైలో 1983లో మొదలైంది, మన సికింద్రాబాద్‌లో కూడా దాని కేంద్రం ఉంది. దాని పేరు అలీ యావర్ జంగ్ సంస్థ. ఈయన హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా చేసి, మహారాష్ట్ర గవర్నర్‌గా ఉన్న మనిషి. నిజాం కాలం నాటి పేరు ఇప్పుడు మన ఆడియోగ్రామ్‌ల మీదికి వచ్చి కూర్చుంది.

సరే, రివ్యూ కోసం వచ్చినవాళ్ళు ఉంటారు, వాళ్ళకి అన్యాయం చేయకూడదు. గొంతు కోసం హెచ్‌డీ 600, అందులో సందేహం లేదు. కానీ నిశ్శబ్దంగా ఉండే ఇల్లు కావాలి. బయటి గోల ఉంటే ఎండీఆర్ 7506, గంట దాటితే చెవికి కొంచెం గుచ్చుకుంటుంది. రెండు వేల ఐఈఎం ఫోన్‌తో పెట్టి వింటే, ఈ రెండు లక్షల ప్లేయర్‌తో విన్నదానికీ తేడా ఉంది, ఉందంటే ఉంది. దాని కోసం ఈఎంఐ కట్టమని మాత్రం నేను ఎవరికీ చెప్పను. మీ దగ్గర ఉన్నవి మెమరీ కార్డు కాలం నాటి 128 కేబీపీఎస్ ఎంపీ3లైతే, అందులో లేనిదాన్ని బంగారం కూడా తీసుకురాలేదు. ఎంపీ3ని తయారుచేసిన జర్మనీ ఇంజనీర్లు చేసిందే అది, మనిషి చెవి పట్టించుకోదనుకున్న భాగాన్ని తీసేయడం. ఎవరి చెవి అన్నది ప్రశ్న.

అసలు నా మాట కూడా ఎంతవరకు నమ్మాలో మీరే చూసుకోండి. నా కుడి చెవికి 4,000 హెర్ట్జ్ దగ్గర గుంత ఉంది, కాగితం సాక్ష్యం ఉంది. "ట్రెబుల్ కొంచెం తక్కువైంది", "సౌండ్‌స్టేజ్ ఎడమకి ఒరిగింది" అని చెప్పే ఏ రివ్యూయర్ అయినా తన ఆడియోగ్రామ్ పక్కన పెట్టాడా? నేను ఇన్నేళ్ళలో ఒక్కటి కూడా చూడలేదు. ఇప్పటి నుంచి నేను రివ్యూ చేస్తే నాది పెడతాను.

మీకు ఈ పరీక్ష ఇంట్లో చేసుకోవాలని ఉంటే పైసా ఖర్చు లేదు. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలో మోనో ఆడియో అని ఉంటుంది, ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఉంది. అది ఆన్ చేయండి. ఎడమ కుడి బ్యాలెన్స్ మధ్యలో ఉందో లేదో చూసుకోండి. తక్కువ వాల్యూమ్‌లో ఒక్క గొంతు ఉన్న పాట పెట్టి కళ్ళు మూసుకోండి. గొంతు ఒక పక్కకి ఉంటే ఇయర్‌ఫోన్లు తిప్పి పెట్టుకుని మళ్ళీ వినండి. గొంతు అటు మారితే ఇయర్‌ఫోన్ కొనుక్కోండి. మారకపోతే డాక్టర్ దగ్గరికి పోండి. ఇది డాక్టరు పరీక్షకి బదులు కాదు, అక్కడికి వెళ్ళాలా వద్దా అన్న సంగతికే.

ప్లేయర్ ఒక రోజు ఆలస్యంగా తిరిగిచ్చాను. కింద పడలేదు, దోస్తీ ఉంది. "ఎట్లుంది?" అన్నాడు అన్న. "నీ చెవులు చూపించుకున్నవా ఎప్పుడన్నా?" అన్నాను. నవ్వి, లోపల పెట్టేసుకున్నాడు.

ఆ రాత్రి అక్కకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నేను ఇంట్లో పని చేసుకుంట ఎప్పుడూ ఎడమ దిక్కే పెట్టుకుంటరా" అంది. మోనో సెట్టింగ్ ఎక్కడుందో ఫోన్‌లోనే చెప్పాను. పాట ఏది పెట్టాలని అడగలేదు, ఆమెకి తెలుసు. పది నిమిషాల తర్వాత తిరిగి చేసి, "కొంచెం కుడికి ఉన్నట్టనిపిస్తుందిరా, నాకు సరిగ్గ తెలుస్తలేదు" అంది. శనివారం రమ్మన్నాను. అపాయింట్‌మెంట్ పదకొండింటికి.